గోడవైపు సొట్ట

కారు తలుపు విప్పించాలి, సొట్ట తీయించాలి, రంగు కొట్టించాలి, దిగని అద్దం దిగేట్టు చేయించాలి. ఇన్సూరెన్సు కంపెనీ ఈ పనులన్నిటికీ లెక్కగట్టి డబ్బు ఇచ్చింది. ఉపేంద్ర ఒక్కటీ చేయించలేదు. బాగు చేయించుకోవడం, మానడం మీ ఇష్టమని ఏజెంటే అన్నాడు కాబట్టి అందులో తప్పేమీ లేదు. తప్పల్లా, బాగు చేయించేశానని సందులో అందరికీ చెప్పి, సొట్ట గోడవైపు ఉండేట్టు కారు పెట్టుకోవడంలో ఉంది.

ఇవ్వాళ ఆ గోడ వారన మునిసిపాలిటీవాళ్ళు కాలవ తవ్వుతుంటే కారు తీసి ఎదుటి గోడకి పెట్టాడు. సొట్ట సందులోకి తిరిగింది.

"ఏందయ్యా, కళ్ళు నెత్తికెక్కినయ్యా?"

ఎదురింటి పాండురంగారావు కేక విని ఉపేంద్ర బయటికి పరుగెత్తాడు. కారుని ఆనుకుని ఒక ట్రాలీ ఆటో ఆగి ఉంది. దాన్ని తోలే నాగూర్ వలి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మలుపు తిప్పుతుంటే ట్రాలీ అంచు కారు తలుపుకి రాసుకుందట, సరిగ్గా పాత సొట్ట మీద. కొత్తగా పడింది సన్నటి గీత ఒక్కటే. అది ఉపేంద్రకి తెలుసు. మిగతావాళ్ళకి కనిపిస్తున్నది సత్తుగిన్నెంత గుంట.

"మొన్ననేగా అబ్బాయ్ బాగు చేయించావు? ఎట్లా నాశనం చేశాడో చూడు!"

"పోనీలే బాబాయ్, చిన్నదేగా."

"ఇది చిన్నదా? నా తలకాయ పట్టుద్ది ఇందులో."

ఎవరో కిసుక్కున నవ్వారు. వలి నవ్వలేదు.

"తప్పు నాదే సార్. డబ్బులంటారా, నా దగ్గర..."

"డబ్బులు లేకపోతే బండి ఉందిగా!" పాండురంగారావు తీర్పు చెప్పేశాడు. "నకరికల్లులో వీళ్ళ నాన్న కల్లం నిండా మిరపకాయలు ఎండుతున్నయ్. ఈ సీజనంతా బస్తాలు కోల్డ్ స్టోరేజీకి నువ్వే తోలు. కిరాయి అడగమాక. ఏం అబ్బాయ్, సరేనా?"

అందరూ ఉపేంద్ర వైపు చూశారు. వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటివాడు. కాలేజీలో పిల్లలకి పాఠాలు చెబుతాడు. సొట్ట పాతదని ఒక్క మాట అంటే చాలు. అంటే, రేపటినుంచి ఈ సందులో తలెత్తుకుని నడవలేడు. నోరు తెరిచాడు. "సరే" అన్న మాటే బయటికొచ్చింది.

"తోలతా సార్" అన్నాడు వలి.

బేరమాడలేదు, బతిమాలలేదు. అదే ఉపేంద్రకి ముల్లులా గుచ్చుకుంది. ఏడాదిలో నాలుగు రాళ్ళు వచ్చేది ఈ మిరపకాయల సీజన్లోనే. అదంతా ఊరికే తోలితే వలి ఇంట్లో వాళ్ళు ఏం తింటారు?

ఆటో సందు దాటిందో లేదో, ఉపేంద్ర కాళ్ళకి చెప్పులు కూడా లేకుండా వెనకాల పరుగెత్తాడు.

"వలి భాయ్, ఆగు!"

వలి బండి పక్కకి తీశాడు. "ఇంకా ఏమన్నా రాసుకుందా సార్?"

"నువ్వు నాకేం తోలొద్దు. ఆ సొట్ట పాతది. కంపెనీ డబ్బులిస్తే, నాన్న బోరు మోటారు కాలిపోయిందని దానికి పెట్టా. కారు బాగు చేయించానని అందరికీ అబద్ధం చెప్పా. ఇందాక నిన్ను నిలబెట్టి మాట్లాడుతుంటే నోరు మూసుకున్నా. నన్ను తిట్టు. తిట్టి, నాతో రా. బాబాయికి నేనే చెబుతా."

వలి తిట్టలేదు. ఇంజను ఆపేసి బండి దిగాడు.

"పాతదని నాకు తెలుసు సార్" అన్నాడు. "మొన్న వానాకాలంలో, తెల్లారకముందు, మీ సందు మలుపులోనే మీ కారుని గుద్ది, ఎవురూ చూళ్ళేదని పారిపోయింది నేనే. రోజూ ఈ సందులోకి రావాలంటే మొహం చెల్లేది కాదు. సీజనంతా తోలితే ఆ పాపం పోయిద్దని ఇందాక చానా సంబరపడ్డా. మీరేమో కంపెనీ ఇచ్చేసిందంటన్నారు. ఇప్పుడు నా బాకీ నేను ఎవురికి తీర్చుకోవాల సార్?"

మీ బండికి సొట్ట పెట్టి ఎవరన్నా చెప్పకుండా పోతే నాలుగు తిట్లు తిట్టండి, తప్పులేదు. తిట్టాక, నాగూర్ వలిని ఒక్కసారి తలుచుకోండి.