దేవకుమారి వేసిన సున్నా

నెల రోజులు లేసు అల్లడం నేర్పిస్తామని నోటీసు పెట్టగానే పీజీ అమ్మాయిలు మూతి మూడు వంకర్లు తిప్పారు.

"ఎమ్మెస్సీ చదివి సూదీ దారం పట్టుకోవాలా?" అంది హేమశ్రీ.

"సర్టిఫికెట్ ఇస్తారటే. రెజ్యూమేలో పడుంటుంది," అంది పావని.

ఆ ఒక్క ముక్కకి ముప్ఫై మంది చేరారు. పని మీద ప్రేమతో కాదు, కాగితం మీద ప్రేమతో.

నేర్పడానికి నరసాపురం వైపు నుంచి దేవకుమారి వచ్చింది. చదువు ఐదో తరగతి. యూనివర్సిటీ అమ్మాయిలంటే భయమో గౌరవమో, అందరినీ "మీరు", "అండి" అనేది. కృపారాణిని మాత్రం "నువ్వు" అనేది.

కృపారాణిది కెమిస్ట్రీ, చివరి సెమిస్టర్. ఇష్టంగా సూది పట్టింది ఆ పిల్ల ఒక్కతే. మిగతావాళ్లు గొలుసు కుట్టు దగ్గరే తంటాలు పడుతుంటే తను పూలూ ఆకులూ అల్లేసింది. అయినా దేవకుమారి నోట ఒక్క మంచి మాట రాలేదు.

"ఇది నీ వల్ల కాదు. పుస్తకాలు చదువుకో, పో," అని కసిరేది.

చూసేవాళ్లకి ఒళ్లు మండేది. కృపారాణి మాత్రం తలెత్తేది కాదు.

చివరి శనివారం పరీక్ష. లేసు కంపెనీ మేనేజర్ వచ్చాడు. మొదటి మార్కు వచ్చిన అమ్మాయికి సూపర్‌వైజర్ ఉద్యోగం. సోమవారమే చేరాలి.

"మరి చదువో? ఇంకో మూడు నెలలేగా?" అని అడిగింది ట్రైనింగ్ చూస్తున్న సూర్యకళ మేడమ్.

"మానేస్తానండి," అంది కృపారాణి. "మా అమ్మకి చూపు మందగిస్తోంది. ఇంక తను పని చెయ్యకూడదు. ఈ ఉద్యోగం నాకు కావాలండి."

దేవకుమారి వినీ విననట్టు మార్కుల కాగితం ముందుకు లాక్కుంది.

కృపారాణి నెల్లాళ్లు అల్లిన గుండ్రటి టేబుల్ క్లాత్‌ని బల్ల మీద పరిచింది. మేనేజర్ నోరెళ్లబెట్టాడు. దేవకుమారి దాన్ని అంచు నుంచి నడిమి దాకా వేళ్లతో తడిమింది.

"లోపలి వరసలో కుట్టు తప్పింది," అంది.

"ఎక్కడండీ? నాకు కనబడట్లేదే!" అన్నాడు మేనేజర్.

ఆమె చివరి ముడి కత్తిరించి దారం లాగింది. తప్పు పడిన చోటు దాకా విప్పడం లేసు పనిలో మామూలే. దేవకుమారి మాత్రం మొదటి కుట్టు దాకా విప్పింది. నెల్లాళ్ల కష్టం అందరూ చూస్తుండగానే ఒట్టి దారం కుప్పయింది.

మార్కుల కాగితంలో కృపారాణి పేరు ఎదురుగా సున్నా వేసింది. ఉద్యోగం పావనికి వచ్చింది. అక్కర్లేదని పావని అక్కడే చెప్పేసింది.

హేమశ్రీ ఆగలేకపోయింది.

"ఏం మనిషండీ మీరు? మీ కడుపున ఆడపిల్ల పుట్టలేదా?"

దేవకుమారి సూదులన్నీ డబ్బాలో సర్దుకుని, ఎవరి ముఖమూ చూడకుండా బయటికి నడిచింది.

సాయంత్రం నరసాపురం బస్సులో, వెక్కి వెక్కి ఏడుస్తున్న కూతురు కృపారాణిని ఒళ్లోకి లాక్కుని దేవకుమారి, "ఎమ్మెస్సీ పట్టా చేతికొచ్చాక నన్నెంత తిట్టినా పడతానే తల్లీ," అంది.