దోసిట్లో ఉప్పునీళ్ళు

రత్తయ్య శవాన్ని పడవలోంచి ఇసుక మీదికి దించేసరికే దేవసహాయం చేతులు వెనక్కి విరిచి కట్టేశారు.

అతని చొక్కా నిండా రక్తం. నడుం దాకా బురద. పొద్దున రత్తయ్యతో పడవెక్కి మడ అడవి చూడ్డానికి వెళ్ళినవాడు, మధ్యాహ్నానికి శవంతో తిరిగొచ్చాడు. కొంగల్ని చూద్దామని గట్టు మీద దిగి కాస్త దూరం వెళ్ళాననీ, కేక విని వెనక్కి పరుగెత్తితే రత్తయ్య తల పగిలి పడున్నాడనీ, పడవలో వేసుకుని తోసుకుంటూ వచ్చాననీ చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. పాలకాయతిప్ప దాపున ఉన్న ఆ పల్లెకి మూడు వైపులా మడ అడవి, నాలుగో వైపు సముద్రం. అక్కడ కొత్తవాడు అతనొక్కడే.

పడవ రత్తయ్యదీ గంగరాజుదీ ఉమ్మడి. ఇకమీదట అది తనొక్కడిదేనని రత్తయ్య వారం నుంచీ గొడవపడుతున్నాడు. అయినా శవాన్ని దించడానికి ముందుగా చెయ్యి వేసింది గంగరాజే. వల బాగుచేసుకోవాలి, మీరిద్దరూ వెళ్ళి రండని పొద్దున సాగనంపిందీ అతనే.

"వీడు నా నేస్తం పెద్దా," అన్నాడు గంగరాజు, దేవసహాయం భుజం మీద చెయ్యి వేసి. "బందరు బళ్ళో ఒకే బల్ల మీద కూర్చున్నాం. నన్ను చూడాలని ఇంత దూరం వచ్చాడు. కోపమొస్తే ఒళ్ళు తెలీదు గానీ, మనిషిని చంపేవాడు కాదు."

ఆ మాటతో జనానికి మిగిలిన కాస్త సందేహం కూడా తీరిపోయింది. దేవసహాయం తెల్లబోయి స్నేహితుడి వంక చూశాడు.

ఊరిపెద్ద వీరాంజనేయులు పోలీసులకి కబురు పంపమన్నాడు. వాళ్ళొచ్చేదాకా వీడు ఉంటే గదా అని వెనక నుంచి ఎవరో అన్నారు. తెడ్లు పైకి లేచాయి.

"పడవలో బుట్ట చూడండి," అన్నాడు దేవసహాయం. "రత్తయ్య పక్కనే దొరికింది. అక్కడ ఇంకెవరో ఉన్నారు."

అది పీతలు పట్టే బుట్ట. ఎవరిదో అందరూ గుర్తుపట్టారు. గంగరాజు భార్య పాపాయమ్మది.

వచ్చిన రోజు నుంచీ దేవసహాయాన్ని అన్నయ్యా అని పిలుస్తూ కొసరి కొసరి వడ్డిస్తోంది పాపాయమ్మ. మావాడి పేరేంటో చెప్తేగానీ ముద్ద ముట్టనని అతను ఆటపట్టిస్తే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కింట్లోకి పరుగెత్తి, రత్తయ్య తల్లి కోటమ్మ చేత చెప్పించింది. ఓటర్ల పేర్లు రాసుకునేవాళ్ళు వచ్చినప్పుడూ కోటమ్మే చెప్పిందట. మొగుడి పేరు పలికితే అతని ఆయుష్షు తరుగుతుందని ఆ పల్లె ఆడవాళ్ళ భయం. స్నేహితులిద్దరూ పడీ పడీ నవ్వారు ఆవేళ.

ఇప్పుడు పాపాయమ్మ వచ్చి నిలబడింది. ఆమె కాళ్ళకీ బురద ఉంది. కొట్టినవాణ్ణి చూశావా అని పెద్ద అడిగితే తలూపింది. ఎవడు అంటే తల దించుకుంది. తన చేతి కూడు తిన్న మనిషి మీద ఎలా చెప్తుందిలే అని ఆడవాళ్ళు గొణుక్కున్నారు.

"నేనైతే నేనేనని చెప్పు చెల్లెమ్మా," అన్నాడు దేవసహాయం.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు గంగరాజే ముందుకొచ్చాడు. "దీని చేత నీళ్ళు పట్టించండి పెద్దా."

ఆ పల్లెలో దానికి మించిన తీర్పు లేదు. సముద్రంలో నిలబడి, దోసిట నీళ్ళు పట్టి, తప్పు చేసినవాడి పేరు పలకాలి. వేలు చూపిస్తే చెల్లదు. ఫలానా వాళ్ళ కొడుకనో, ఫలానా ఆమె మొగుడనో అంటే చెల్లదు. నీళ్ళు కారిపోయేలోగా పేరు పలక్కపోతే, కట్టేసి ఉన్నవాడే దోషి.

ఆడకూతురికి అంత పరీక్ష ఎందుకురా అన్నాడు వీరాంజనేయులు.

"నా నేస్తం ప్రాణం పోతుంటే, పెళ్ళానికి కష్టమని ఊరుకుంటానా?"

ఎంత మంచివాడో అనుకున్నారు జనం. గంగరాజు భార్య భుజం పట్టుకుని తనే నీళ్ళలోకి నడిపించాడు. వెనక్కి వచ్చి, చేతులు కట్టుకుని నింపాదిగా నిలబడ్డాడు.

పాపాయమ్మ వంగి దోసిలి నింపుకుంది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు జారుతున్నాయి. తెడ్లు పట్టుకున్నవాళ్ళు దేవసహాయం చుట్టూ చేరారు. అతను కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నాడు.

ఆమె అలవాటుగా కోటమ్మ కోసం చూసింది. కోటమ్మ కొడుకు గుండెల మీద పడి ఉంది. తలెత్తలేదు.

దోసిట్లో అరచేయి తడిసేపాటి నీళ్ళు మిగిలాయి. పాపాయమ్మ ఒడ్డు వైపు తిరిగి, పల్లె మొత్తానికీ వినపడేలా గొంతెత్తింది.

"గంగరాజు."