మీరొక్కరే రండి

కోటేష్ పిడికిలి సుభానీ మూతి మీద పడింది.

"అక్కడ మా చెల్లెలు చస్తుంటే, నా రక్తం నాకెందుకివ్వవురా?"

చెల్లెలంటే కోటేష్‌కి ప్రాణం. గుంటూరు ఆసుపత్రిలో శ్రీదివ్యకి కాన్పయ్యాక రక్తం ఆగలేదు. ఆమెది ఎక్కడా దొరకని గ్రూపు. అన్నదీ అదే. రక్తం సిద్ధంగా ఉంచమని డాక్టరమ్మ ముందే చెబితే, పర్చూరు దగ్గర మిరప కల్లంలో ఉన్నవాడు ఉన్నపళాన వచ్చి పొద్దున్నే ఇచ్చాడు. మామూలు పరీక్షలో అంతా బాగుందన్నారు. తీరా ఇప్పుడు, ఆ ప్యాకెట్టు పట్టుకుని పక్కగదిలోకి పోతూ దొరికాడు బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్ సుభానీ.

సుభానీ మూతి తుడుచుకున్నాడు.

"వేరే చోట నుంచి ఇంకో ప్యాకెట్టు తెప్పిస్తున్నానండి. పావుగంటలో వస్తుంది. మీరొక్కరే లోపలికి రండి, సంగతి చెబుతా."

"లోపలికెందుకు? ఇక్కడే చెప్పు. మావాళ్లంతా వినాలి."

కోటేష్ వెనక ఊరివాళ్లు పదిమంది ఉన్నారు. శ్రీదివ్య మొగుడు యలమంద ఉన్నాడు. కోటేష్ భార్య భవ్య ఉంది. సుభానీ అందర్నీ ఒకసారి చూశాడు.

"ఇక్కడ చెప్పలేనండి."

"అమ్ముకున్నాడురా వీడు," అన్నాడు యలమంద.

ఆ మాటతో కోటేష్‌కి ఒళ్లు తెలియలేదు. సుభానీ జుట్టు పట్టి మొహాన్ని బల్లకేసి కొట్టాడు. ఎంత కడిగినా చేతుల్ని వదలని మిరపకారం సుభానీ కళ్లలో పడింది. అతను ప్యాకెట్టుని పొట్ట కింద పెట్టుకుని బోర్లా పడిపోయాడు. డొక్కల్లో తన్నారు. యలమంద స్టూలెత్తి తలమీద మోదాడు.

"చెబుతావా, చావమంటావా?"

"ఒక్కరే... రండి," అన్నాడు సుభానీ. తర్వాత అతనికి స్పృహ తప్పింది.

రెండో ప్యాకెట్టు చెప్పిన టైముకే వచ్చింది. శ్రీదివ్య బతికింది.

మూడోరోజు సుభానీ పోయాడు.

కోటేష్ ఉన్న జైలుకి ఆసుపత్రి నుంచి ఒక కౌన్సెలరమ్మ వచ్చింది. వార్డర్ని దూరంగా నిలబడమని, గొంతు తగ్గించి చెప్పింది.

"మీ రక్తంలో హెచ్ఐవి ఉందండి. ఈమధ్యే అంటినట్టుంది, అందుకే మామూలు పరీక్షకి అందలేదు. వైరస్‌నే నేరుగా పట్టే న్యాట్ పరీక్షలో సాయంత్రానికి బయటపడింది. భయం లేదు, రోజూ మందులు వేసుకుంటే నిక్షేపంగా బతుకుతారు. మీ ఆవిడకీ పరీక్ష చేయించాలి."

కోటేష్ దూరంగా ఉన్న వార్డర్ వైపు ఒకసారి చూశాడు.

"మావాళ్లకి తెలిసిందా?"

"లేదండి," అందామె. "మధ్యలో సుభానీకి స్పృహ వచ్చినప్పుడు, మీరెందుకు కొట్టారని ఎస్సైగారు అడిగితే, 'చెల్లెలి మీద బెంగండీ' అన్నాడు గానీ, ఆ ప్యాకెట్టులో ఏముందో సుభానీ చివరిదాకా చెప్పలేదు."