దూరమని చెప్పు

అమ్మ కూతురి సంచిలో రెండు జతల బట్టలు, సబ్బు, దువ్వెన, సర్టిఫికెట్ల ఫైలు సర్దింది. ఉద్యోగమిస్తే ఈరోజే చేరాలట, అక్కడే హాస్టల్లో ఉండాలట. జిప్పు సగంలో ఇరుక్కుంది.

"పాత కంపెనీ ఎందుకు మానేశావంటే దూరమని చెప్పు. ఆ టోకెను గోల ఎత్తావో, నా మీదొట్టే!"

"నాకు అబద్ధం సరిగా రాదమ్మా."

"నిజం చెప్పి మూడుచోట్ల పోగొట్టుకున్నావుగా! ఇంకా ఎన్ని గుమ్మాలెక్కుతావే?"

కూతురు విసురుగా సంచి లాక్కుని బస్సెక్కింది.

ఇంటర్వ్యూ గదిలో ఆఫీసరు ఒక్కడే ఉన్నాడు. ఫోను మోగితే లేచి నిలబడి, "అయిపోవచ్చింది సార్, రెండే నిమిషాలు సార్" అన్నాడు. కూర్చుని ఆమె కాగితం చూశాడు.

"పాత ఉద్యోగం ఎందుకు మానేశారు?"

"దూరం సార్."

"ఇల్లూ కంపెనీ ఒకే వీధిలో ఉన్నట్టు రాశారే?"

ఆమెకు ఒళ్ళు మండింది. అమ్మ మీద, ఆయన మీద, తన మీద.

"సరే, వినండి. కుట్టుమిషన్ల మీద నలభైమందిమి. బాత్రూముకు వెళ్ళాలంటే మెడలో చెక్క టోకెను ఉండాలి. అందరికీ కలిపి ఒక్కటే. ఓరోజు దానికోసం రెండు గంటలు ఓర్చుకున్నాను. చేతికొచ్చాక సూపర్‌వైజరు బల్ల మీద పడేసి మెట్లు దిగిపోయాను. ఇదీ కారణం. ఇక నా ఫైలు ఇప్పించండి."

ఆయన ఫైలు ఇవ్వలేదు.

"భయమెయ్యలేదా?"

"మెట్లు దిగేదాకా వేసింది సార్. తర్వాత ఆకలేసింది."

ఫోను మళ్ళీ మోగింది. ఈసారి ఆయన లేవలేదు, ఎత్తనూ లేదు. ఆర్డరు మీద సంతకం చేసి ఆమె ముందుకు తోశాడు.

"ముందే చెబుతున్నానమ్మా. ఇక్కడా టోకెను ఉంది. మీది చెక్కది, మాది ఇనపది. ఈ అంతస్తంతటికీ ఒక్కటే, నాతో సహా. పదకొండేళ్ళుగా."

ఆమె ఆ కాగితం చేతిలోకి తీసుకుంది.

"ఇంకో గుమ్మం ఎక్కే ఓపిక లేదు సార్" అని మడిచి సంచిలో పెట్టుకుంది.

ఆయన గోడ మేకుకున్న టోకెను తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"కాస్త పట్టుకోండి. ఇప్పుడే వస్తా."

"ఇది లేకుండా ఎక్కడికి సార్?"

అప్పటికే మెట్ల మీద బూట్ల చప్పుడు కిందికి దిగిపోతోంది.

పన్నెండయ్యేసరికి టోకెను కోసం గుమ్మంలో ఆరుగురు నిలబడ్డారు. ఆమె ఆ రోజే పనిలో చేరింది.

పదకొండుంబావుకు వెళ్ళిన ఆఫీసరు మళ్ళీ రాలేదు.