సత్తిరెడ్డి కోడి తుమ్మింది

తెల్లారి మేత వేయడానికి కోళ్ళ షెడ్డులోకి వెళ్ళిన అమ్మాజీకి మూడో వరుసలో ఒక తుమ్ము వినిపించింది. జబ్బు పసిగట్టడానికి గోడకు పెట్టిన యంత్రంలో ఇంకా పచ్చ దీపమే వెలుగుతోంది.

సంగతి వినగానే ఆమె భర్త సత్తిరెడ్డి పాత అలవాటు కొద్దీ వ్యాను డ్రైవరుకి ఫోన్ చేశాడు. “ఎవరికీ తెలీకముందే బ్యాచ్ అంతా అమ్మేద్దాం.”

“నేనప్పుడే యంత్రం మీది ఎర్ర మీట నొక్కి పశువుల ఆసుపత్రికి కబురు పెట్టేసేనండీ,” అంది అమ్మాజీ.

అతను దాణా బస్తా మీద కూలబడ్డాడు. అతని తండ్రి కాలంలో ఎవరో ఒక్క కోడి జబ్బు దాచినందుకు ఊళ్ళో కోళ్ళన్నిటినీ పాతిపెట్టారు. ఇప్పుడూ అదే జరుగుతుందనుకున్నాడు.

డ్రోను వచ్చి నమూనా తీసుకెళ్ళింది. గంటలో పశువుల డాక్టరమ్మ ఫోన్ చేసింది. “మన వైపుకి కొత్త జబ్బేనండీ. జిల్లాలో అందరికంటే ముందు చెప్పింది మీరే. మీ కోళ్ళన్నిటినీ మేమే తీసుకుని రెట్టింపు ధర ఇస్తాం. మధ్యాహ్నానికల్లా చుట్టుపక్కల షెడ్లన్నిటికీ టీకాలు వేస్తాం.”

గేటు బయట రైతులు పోగయ్యారు. సత్తిరెడ్డి తిట్లు తినడానికి సిద్ధపడ్డాడు. వాళ్ళు పూతరేకుల పెట్టె గేటుకి తగిలించారు.

“మా కోళ్ళు ఎందుకు తుమ్మవో,” అని నిట్టూర్చింది పక్క షెడ్డు చంటమ్మ.

అంతలో వ్యాను వచ్చింది. సత్తిరెడ్డి లోపలినుంచే కేకేశాడు.

“అక్కడే ఆగు. అమ్మడానికి కోళ్ళు లేవు గానీ కబురు పట్టుకెళ్ళు. ఊరూరా ఆగి చెప్పు, సత్తిరెడ్డి కోడి తుమ్మిందని.”