ఏడో సాక్షి

కురువిల్లా అచ్చన్ ఆ సిద్ధాంతగ్రంథాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, చచ్చిన ఎలుకను పడేసినట్టు బల్లమీద పడేశాడు.

"రెండొందల అరవై పేజీలు రాశావు. ఇందులో దేవుడెక్కడమ్మా?"

కోట్టయం కొండమీది ఆ సెమినరీలో దైవశాస్త్రం పీజీ వాళ్ళకు ఆ ఉదయం ఆఖరి వైవా. బల్లకు అవతల తెల్ల అంగీల్లో ముగ్గురు పాదిరీలు, అక్కడి మాటలో అచ్చన్లు. ఇవతల సలోమి ఒక్కతే. మధ్యలో చాయ కప్పులు, పళ్ళెం నిండా కట్లెట్లు.

కురువిల్లా అచ్చన్ బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి. గ్రీకు, సిరియాక్ నమిలి మింగినవాడు. తన వంశానికి తోమా అపొస్తలుడే స్వయంగా బాప్తిస్మం ఇచ్చాడని ఎవరూ అడక్కపోయినా చెప్పుకుంటాడు. పక్కన మాత్తన్ అచ్చన్. ఆయన వచ్చింది కట్లెట్ల కోసం. పెద్ద కుర్చీలో ప్రిన్సిపాల్ ఈపెన్ అచ్చన్. జర్మనీలో డాక్టరేట్ చేసి వచ్చాడు. ఆయన మాత్రం తన వంశం ఊసెత్తడు. అది వినయమని అందరూ మెచ్చుకుంటారు.

సలోమి రాసింది సమాధుల గురించి. పునరుత్థానంలో అందరూ సమానమేనని ఆదివారం బోధించి, సోమవారం దళితులైన పులయ క్రైస్తవుల శవాలను సమాధుల తోట గేటు దగ్గరే ఆపేసిన రోజుల గురించి. ఆమె కూడా పులయ పిల్లే. తల్లి రొయ్యలు వొలిచే షెడ్డులో వేళ్ళు చీల్చుకుని చదివించింది. డిగ్రీ వస్తే జూన్‌లో ఇక్కడే ట్యూటర్ ఉద్యోగం.

తొమ్మిదిమందిని వెతికి పట్టుకుని సాక్ష్యాలు రాసుకుంది. ఎనిమిదిమంది పేరు వేసుకోమన్నారు. ఒక్కరు వద్దన్నారు. ఆయన్ని 'ఏడో సాక్షి' అని మాత్రమే రాసింది.

కురువిల్లా అచ్చన్ సరిగ్గా ఆ పేజీయే తెరిచాడు. గొంతు సాగదీసి చదివాడు.

"'నాన్న శవాన్ని లోపలికి రానివ్వలేదు. వెనక్కి మోసుకొచ్చి పొలంగట్టు పక్కన గొయ్యి తవ్వాం. నీళ్ళూరి పెట్టె పైకి తేలింది. మట్టి కప్పేదాకా దాన్ని తొక్కిపట్టి నిలబడ్డాను.' సినిమా వాళ్ళకి ఇవ్వాల్సిందమ్మా, మాకెందుకు తెచ్చావు?"

మాత్తన్ అచ్చన్ నిండు నోటితో నవ్వాడు.

"ఎవరు చెప్పారిది? మీ అమ్మా?" అని అడిగాడు కురువిల్లా అచ్చన్.

"కాదచ్చన్. తొక్కిపట్టినాయనే చెప్పాడు."

"పేరు?"

"చెప్పనని మాటిచ్చాను."

"ఊరూ పేరూ లేని సాక్షి. కోర్టులో అయితే బంట్రోతు కూడా వినడు. మీవాళ్ళ కష్టాలు మాకు తెలియనివి కాదులే. మీ తాతలకి గంజి పోసింది మా తాతలే."

"అవునచ్చన్. నేలలో గుంట తీసి, ఆకు పరిచి, అందులో పోసేవాళ్ళట. మా అమ్మమ్మ చెప్పేది."

మాత్తన్ అచ్చన్ నమలడం ఆపాడు. కురువిల్లా అచ్చన్ ముఖం కందిపోయింది.

"నోరు బాగానే ఉంది. ఆధారాలే లేవు. ఈ ఒక్కటి కట్టుకథ అయితే మిగతా ఎనిమిదీ కట్టుకథలే. ప్రిన్సిపాలచ్చన్, మీరే తేల్చండి."

ఈపెన్ అచ్చన్ తన చాయ ముట్టనేలేదు. దానిమీద మీగడ కట్టింది. కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఆ మనిషి పేరు చెబుతావా, సలోమీ?"

"చెప్పమంటారా అచ్చన్?"

"ఆయన్నడుగుతావేంటి? అడిగిందే ఆయనైతే," అని కసిరాడు కురువిల్లా అచ్చన్.

ఈపెన్ అచ్చన్ ఆమె ముఖం చూడలేదు. కాగితాలు సర్దాడు.

"అది నీ ఇష్టం. ఫలితం కూడా నీదే."

"అయితే చెప్పను."

"సరే. అలాంటి మనిషే లేడని, నువ్వే కల్పించావని రాసివ్వు. ఆ పేజీలు తీసేసి ఆర్నెల్లలో మళ్ళీ దాఖలు చెయ్యనిస్తాం."

ఆర్నెల్లంటే ఏమంత ఎక్కువ కాదు. ఒక్క సంతకం. షెడ్డులో మంచునీళ్ళకు తెల్లగా పాలిపోయిన తల్లి వేళ్ళు సలోమికి గుర్తొచ్చాయి.

"ఉన్నాడచ్చన్. పెట్టె సంగతి చెబుతూ నా ముందే ఏడ్చాడు. లేడని ఎలా రాసేది?"

"ఏడిస్తే నిజమైపోదు," అన్నాడు ఈపెన్ అచ్చన్.

ఆమెను బయట కూర్చోబెట్టి ఇరవై నిమిషాల తర్వాత పిలిచారు. ప్రిన్సిపాల్ లేచి నిలబడి చదివాడు. సాక్ష్యం కల్పితం. గ్రంథం తిరస్కరించడమైనది. గొంతులో చిన్న వణుకు కూడా లేదు. ఇంత నిష్పక్షపాతం ఈ రోజుల్లో అరుదని కురువిల్లా అచ్చన్ ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. మాత్తన్ అచ్చన్ ఆఖరి కట్లెట్ అందుకున్నాడు.

హాస్టల్లో సలోమి గదిలోనే ఉండే జెస్సి మెట్ల దగ్గర కాచుకుని ఉంది. సలోమి ముఖం చూడగానే ఆమెకు అర్థమైంది.

"మళ్ళీ రాయడానికి టైమిచ్చారా?"

"లేదు. ఏడో సాక్షి పేరు చెప్పలేదని మొత్తం కొట్టేశారు."

జెస్సికి ఒళ్ళు మండిపోయింది.

"ఎవరే ఆ మహానుభావుడు? వాడి తండ్రి శవం కోసం నువ్వు బతుకు బుగ్గి చేసుకుంటుంటే, వచ్చి ఒక్క మాట చెప్పలేడా? ఏ మూల దాక్కున్నాడు? నోరు పడిపోయిందా వాడికి?"

'నోరు పడిపోలేదే, ఇందాక లేచి నిలబడి తీర్పు చదివింది ఆయనే' అనే మాట సలోమి నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.