ఈ అమ్మాయే తియ్యాలి

“ఈ చేతిలో కూడా నరం దొరకడం లేదమ్మా,” అంది తెల్లకోటు అమ్మాయి.

కుర్చీలో కూర్చున్న ఆవిడకి అప్పటికే అరచేతులు చెమటలు పట్టాయి. ఎడమ చేతికి ఒకసారి గుచ్చితే నరం జారిపోయింది. అక్కడ అంటించిన దూది మీద ఎర్రచుక్క కనబడుతోంది. ఆవిడ అటు చూడకుండా కిటికీ వైపు తల తిప్పుకుంది.

ఆవిడ లోపలికి రాగానే ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. నరమన్నది పైకి కనబడని ఆ చేతులు చూస్తే ఎవరికైనా గుండె జారాల్సిందే.

రక్తం ఇవ్వడమంటే ఆవిడకి చిన్నప్పటినుంచీ చచ్చేంత భయం. ఒకసారి కళ్ళు తిరిగి పడిపోయింది. ఇంకోసారి రబ్బరు పట్టీ చేతికుండగానే బయటికి పరుగెత్తింది. డాక్టరు థైరాయిడ్ పరీక్ష రాసిచ్చి ఏడాది దాటినా ఏదో ఒక వంకతో తప్పించుకుంటూ వచ్చింది. ఈ రోజు మాత్రం ఎవరికీ చెప్పకుండా, కొట్టుకి తాళం వేసి తనంతట తానే వచ్చింది.

ల్యాబు ఇన్‌చార్జి మేడమ్ పక్క టేబుల్ దగ్గర్నుంచి లేచి వచ్చింది.

“ఏం పని చేస్తారమ్మా మీరు?”

“బట్టలు కుడతానండి.”

“రోజంతా సూదితోనే కదా! ఈ సూదికి భయమేమిటి?”

“ఆ సూది గుడ్డలోకి దిగుతుందండి. ఇది నాలోకి దిగుతుంది.”

మేడమ్ నవ్వింది. అమ్మాయి వైపు తిరిగి గొంతు తగ్గించింది. తగ్గించినా వినబడింది.

“నిన్న ఇద్దర్ని ఏడిపించావు. ఇవాళా ఇంతేనా? ఇలాగైతే రేపట్నుంచి రిపోర్టులిచ్చే కౌంటర్లో కూర్చో. జరుగు, నేను తీస్తాను.”

అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గ్లవ్స్ తీసెయ్యబోయింది.

“మీరొద్దండి,” అంది ఆవిడ. “ఈ అమ్మాయే తియ్యాలి.”

“మీ నరాలు బాగా లోతుగా ఉన్నాయమ్మా. మళ్ళీ పొడిపించుకుంటారా?”

“పొడిపించుకుంటాను. చెయ్యి నాదే కదండీ!”

మేడమ్ వింతగా చూసి, చేతులు కట్టుకుని అక్కడే నిలబడింది.

“కూర్చుంటే నాకు కళ్ళు తిరుగుతాయి తల్లీ. పడుకోనా?”

“పడుకోండమ్మా.” అమ్మాయి ముందు పెద్ద గ్లాసుడు మంచినీళ్ళు తాగించింది. మంచమ్మీద పడుకోబెట్టి, కుడి చెయ్యి కిందికి వేలాడేలా పెట్టి, వేణ్ణీళ్ళలో తడిపిన తువ్వాలు చుట్టింది. “పొడిచేముందు చెబుతాను. అప్పుడు కాళ్ళు బిగించండి, కళ్ళు తిరగవు.”

“సరే. నువ్వు నా మొహం చూడకు, చేతినే చూడు. తొందరేం లేదు, నేనెక్కడికీ పారిపోను.”

అమ్మాయి తువ్వాలు తీసి, పట్టీ కట్టి, కళ్ళు మూసుకుని మోచేతి మడతలో తడిమింది. కంటికి కనబడని నరం వేలికి తగిలింది. స్పిరిట్ దూదితో తుడిచి, చిన్నపిల్లలకి వాడే సన్న సూది అందుకుంది.

“ఇప్పుడు పొడుస్తున్నా. కదలకమ్మా... నువ్వు కదలకు!”

“పేషెంట్లని ‘మీరు’ అనాలి,” మేడమ్ మందలించింది.

“ఫరవాలేదండీ, చిన్నపిల్ల,” అంది ఆవిడ పళ్ళ బిగువున.

చురుక్కుమంది. ఆవిడ కాళ్ళు బిగించి, ఊపిరి మెల్లగా వదిలింది. కిటికీ వైపు తిరగబోయిన తలని తనే ఆపుకుంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తన రక్తం ట్యూబులోకి చేరడం కళ్ళారా చూసింది.

మేడమ్ కట్టుకున్న చేతులు విప్పింది.

“ఇలాంటి నరం నాకూ అంత తేలిగ్గా దొరికేది కాదు. కౌంటరూ వద్దు ఏమీ వద్దు, రేపు కూడా ఇక్కడ నువ్వే ఉండు.” ఆవిడ వైపు తిరిగింది. “మీరూ గట్టి మనిషేనమ్మా! అంత భయం పెట్టుకుని కూడా చెయ్యి కదపలేదు.”

“గట్టిగా నొక్కి పట్టుకోండమ్మా,” అంది అమ్మాయి, దూది పెడుతూ. తలెత్తలేదు గానీ, పెదవుల మీద నవ్వు ఆగడం లేదు.

ఆవిడ తల ఎత్తుకుని బయటికొచ్చింది. మెట్ల మీద ఆగి భర్తకి ఫోన్ చేసింది.

“ఎక్కడున్నావు? కొట్టుకి తాళం వేసుంది!”

“ల్యాబు దగ్గర. రక్తం ఇచ్చానండీ.”

“నువ్వా! ఒక్కదానివే వెళ్ళావా? పడిపోలేదు కదా?”

“లేదండీ.” ఆవిడ వెనక్కి తిరిగి ల్యాబు వైపు చూసింది. “మన పిల్ల హస్తవాసి మంచిది.”